వాయిస్ కీయర్: పుట్టుపూర్వోత్తరములు

తిరుపతిలో గాని చిత్తూరులో గాని మేడమీద రెండు గడలు నిలిపి, వాని నడుమ రాగితీగ కట్టి, దేశదేశముల అపరిచితులతో సంభాషింపదలచిన హ్యామ్, అనగా ప్రభుత్వపు లైసెన్సు గల అమెచ్యూర్ రేడియో సాధకుడు, మైకు చేతబట్టి మొట్టమొదట పలుకునది ‘సీక్యూ’. వినుచున్నవారెవరైనను బదులు పలుకుడని దాని భావము. బదులు వచ్చువరకు ఆ పిలుపును, లైసెన్సుతో వచ్చిన గుర్తుపేరగు తన కాల్‌సైనుతో కూడ, మరల మరల పలుకవలెను. ఏటేట అక్టోబరు మాసాంతమున 48 గంటలపాటు జరుగు సీక్యూ వరల్డ్‌వైడ్ వంటి పోటీలలో ఒకే వాక్యమును లెక్కకు మిక్కిలిగా ఉచ్చరింపవలసి వచ్చును. ఈ శ్రమనుండి కంఠమును విడిపించుటకై, హ్యామ్ తన స్వరమును తానే ముందుగా రికార్డు చేసి యుంచుకొని, మీట నొక్కినంతనే దానిని ప్రసారము చేయు సాధనమే వాయిస్ కీయర్. నేడది కంప్యూటరులోని చిన్న ప్రోగ్రామే యైనను, దాని వంశచరిత్ర తంతి కాలమునకు పోవుచున్నది.

1844లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుండి బాల్టిమోర్‌కు తంతివార్త పంపిన నాటి ‘కీ’యే దీనికి మూలము. దినమెల్ల ఆ మీటను నొక్కి నొక్కి తంతి ఉద్యోగుల మణికట్లు పట్టు తప్పుచుండగా, 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో హోరేస్ మార్టిన్ అను అమెరికా దేశీయుడు వైబ్రోప్లెక్స్ అను మీటను కల్పించెను. అందు మోర్స్ లిపిలోని చుక్కలను మనుష్యుని చేయి గాక కంపించు స్ప్రింగు వరుసగా కొట్టెడిది. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ కీయర్లు గీతలను గూడ తామే కొలిచి పంపినవి. పిమ్మట సందేశమంతటిని జ్ఞాపకముంచుకొని ఒక్క బొత్తాముతో పంపు మెమరీ కీయర్లు వెలసినవి. చేతికి దొరకిన ఈ విశ్రాంతి కంఠమునకు దొరకుట ఆలస్యమయ్యెను; ఏలయన చుక్కలను గీతలను గుర్తుంచుకొనుట యంత్రమునకు సులభము, మనుష్య స్వరమును గుర్తుంచుకొనుట దుర్ఘటము.

ఆ దుర్ఘటత్వము తిరుపతివారికి చిరపరిచితమే. తాళ్లపాక కవుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై చెక్కబడి శతాబ్దములు నిలిచినవి. పదములు దక్కినవి, రాగముల పేర్లు దక్కినవి, ఆ కవులలో ఒకడైన అన్నమయ్య గొంతు మాత్రము దక్కలేదు. స్వరమును పట్టి నిలుపుట 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫుతో సాధ్యమయ్యెను. 1898లో డెన్మార్కు దేశీయుడు వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కుతీగపై అయస్కాంతశక్తిచే ధ్వనిని ముద్రించు మార్గము కనిపెట్టెను. 1900 డిసెంబరులో రెజినాల్డ్ ఫెసెండెన్ మాటను నిస్తంతిగా సుమారొక మైలు దూరము పంపెను. ధ్వనిముద్రణము, ప్రసారము అను ఈ రెండు విద్యల సంయోగమే వాయిస్ కీయర్. తొలుత అది కొసలు అతికించిన టేపు చుట్టగా నుండెడిది. టేపు మొదటికి తిరిగి వచ్చువరకు నిరీక్షింపవలసివచ్చెడిది. 1990 ప్రాంతమున ఐఎస్‌డీ అను ధ్వనిముద్రణ చిప్పులు వచ్చి, విద్యుత్తు పోయినను చెరగకుండ పదునారు సెకండ్ల మాటను అరచేతిలోని పెట్టెలో నిలిపినవి. ఆ కాలముననే కెన్ వుల్ఫ్ రచించిన సీటీ అను లాగింగ్ ప్రోగ్రాము, అనగా సంభాషణల పట్టిక వ్రాయు ప్రోగ్రాము, స్వరమును నిలుపు డీవీపీ కార్డు తోడై, స్వరమును కంప్యూటరు కీబోర్డుకు అప్పగించెను. సౌండ్‌కార్డు ప్రతి కంప్యూటరునకు సహజమైన పిమ్మట ప్రత్యేకమైన కార్డే అక్కరలేకపోయెను. ఎన్‌వన్‌ఎమ్ఎమ్ లాగర్ వంటి ప్రోగ్రాములలో ఎఫ్‌వన్ మీట నొక్కిన సీక్యూ వెలువడును, ఎస్కేప్ నొక్కిన ఆగును.

మన సీమకు ఈ సాధనముతో ప్రయోజనము మెండు. హ్యాములు దూరదేశములకు పంపు హ్రస్వతరంగములు పైకెగసి, ఐనోస్ఫియర్ అను విద్యుదావేశపు పొరచే వంగి భూమికి మరలివచ్చును. తిరుపతి అయస్కాంత భూమధ్యరేఖకు చేరువనుండుటచే, కొన్ని రాత్రులందు ఆ పొరలో కల్లోలములు పుట్టి, దూరపు స్వరములు వణకుచు ఒక క్షణము వినబడి మరుక్షణము మాయమగును. తిరుపతి సమీపమున గాదంకిలో, 1,024 యాగీ యాంటెనాలతో 53 మెగాహెర్ట్‌జ్‌పై పనిచేయు ఎమ్ఎస్‌టీ రాడారు శాస్త్రజ్ఞులకు ఈ కల్లోలములను చూపుచున్నది. ఇట్టి ఆకాశము క్రింద ఒక్క పిలుపు చాలదు. స్థాయి తగ్గక, స్పష్టత చెడక, అదే పిలుపు పలుమారులు పోవలెను.

దీని అమరిక కష్టతరము కాదు, కాని శ్రద్ధను కోరును. నిశ్శబ్దమైన గదిలో, సహజమైన గొంతుతో, పిలుపును, కాల్‌సైనును, కృతజ్ఞతను వేరువేరు ఫైళ్లుగా రికార్డు చేయవలెను. ఒకే చానెలులో సెకండునకు 8,000 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు చాలును. ఐదు సెకండ్ల పిలుపు 80,000 బైట్లకు మించదు. సౌండ్‌కార్డునుండి వచ్చు సంకేతము వోల్టు ప్రాంతముననుండగా, రిగ్గు, అనగా రేడియో యంత్రము, మైకు ద్వారమున కోరునది కొలది మిల్లీవోల్టులే. కావున రెసిస్టర్లతో దానిని తగ్గించి, హమ్ము రాకుండ నడుమ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు నుంచవలెను. యూఎస్‌బీ ద్వారము గల నేటి రిగ్గులకు ఈ పని తప్పినది. రిగ్గును ప్రసారమునకు మార్చు పీటీటీని కంప్యూటరు పోర్టు ద్వారా గాని, స్వరము వచ్చినంతనే తానే పనిచేయు వాక్స్ ద్వారా గాని నడపవచ్చును. మొదటి అక్షరము తెగకుండ స్వల్ప విరామము నుంచవలెను. ప్రసారస్థాయిని అదుపు చేయు ఏఎల్‌సీ ముల్లు హద్దు దాటరాదు, దాటినచో స్వరము చిట్లి ప్రక్క ఫ్రీక్వెన్సీలవారికి బాధ కలుగును. కంప్యూటరులోని విండోస్ మ్రోగించు హెచ్చరిక గంటలు ప్రసారమున చేరకుండ వానిని వేరు సౌండ్‌కార్డునకు మరల్చుట మరువరాదు.

ఈ ప్రాంతమునకు రేడియో సంస్కారము క్రొత్తది కాదు. చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో నున్నప్పుడు, 1924లో, సి.వి. కృష్ణస్వామి చెట్టి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ సంవత్సరముననే ప్రసారములు నడపించెను. నేడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోటనుండి 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 హ్యాముల కొరకే నిర్మింపబడిన 42.5 కిలోల హ్యామ్‌శాట్‌ను కక్ష్యలో నిలిపెను; 2014 వరకు అది సాధకుల స్వరములను మోసినది. అట్టి ఉపగ్రహము తల మీదుగ కొలది నిమిషములలో సాగిపోవును, డాప్లర్ ప్రభావముచే ఫ్రీక్వెన్సీ క్షణక్షణము జారుచుండును. అచ్చట సిద్ధస్వరము కన్న జాగరూకుడైన మనుష్యుడే మేలు.

ఏ యంత్రమునకు ఏ పని అప్పగింపవచ్చునో ఈ చరిత్రయే బోధించుచున్నది. వైబ్రోప్లెక్స్ నుండి నేటి ప్రోగ్రామువరకు యంత్రము స్వీకరించినది పునరుక్తిని మాత్రమే. వినుటను ఏ కీయరును స్వీకరింపలేదు. ఫ్రీక్వెన్సీ ఖాళీగా నున్నదా అని ముందుగా వినుట, కల్లోలములోనుండి సన్నని బదులును ఏరి పట్టుట, పలుకరించినవానికి సొంత గొంతుతో సమాధానము చెప్పుట మనుష్యుని ధర్మములు. పండ్రెండేండ్లు నిండి, పరీక్ష యందు నెగ్గి లైసెన్సు పొందు మన జిల్లాల బాలబాలికలు కీయరును అమర్చుకొందురు గాక. అయితే అంతకుముందే హెడ్‌ఫోను ధరించి చిరకాలము వినుట నేర్తురు గాక. ఆ అభ్యాసము గలవానికే కీయరు మిగిల్చిన విశ్రాంతి సార్థకమగును.