పన్నెండు తస్వీరులు

ఉర్దూలో తస్వీర్ ‘ఉతార్‌నా’ అంటాం, అంటే దించడం. తెలుగులో ఫొటో ‘దిగడం’ అంటాం. ఉర్దూ మీడియం బడి నుంచి తెలుగు డిగ్రీ క్లాసుకి వచ్చిన కొత్తలో ఈ రెండు మాటలూ ఒక్కచోట కలవడం చూసి నాకు భలే ఖుషీ అయ్యింది. మనిషి దిగుతాడు, అక్కాస్ దించుతాడు. మరి దేనిలోకి దించుతాడు? గాజు పలక మీదికా, ఫిల్మ్ మీదికా, మెమరీ కార్డులోకా?

ఈ సవాల్ ఇప్పుడు మా నెత్తిన పడింది. ఛత్తా బజార్‌లో ఒకప్పుడు ఉర్దూ అఖ్బారులు, కితాబులు, పెళ్లి రుఖాలు చేత్తో రాసిన కాతిబ్‌లలో మిగిలిన బుజుర్గుల తస్వీరులు తీయాలని మేం నలుగురు దోస్తులం అనుకున్నాం. కంప్యూటర్ వచ్చి వాళ్ల కలాన్ని పక్కన పెట్టించి చాలా ఏళ్లయింది. మాకు దొరికినవాళ్లు తొమ్మిది మంది. అందరికీ డెబ్బై దాటాయి, ఇద్దరికి చెయ్యి వణుకుతోంది. చందాలు పోగేస్తే వచ్చిన పైసలు ఒక్క కెమెరాకే సరిపోతాయి. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కొనాలా, పాత మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా కొనాలా? రెండు వారాలుగా ఇదే బహస్. చాయ్ ఖర్చే ఒక రోల్ ఖరీదంత అయ్యుంటుంది.

మీడియం ఫార్మాట్ అంటే మరీ కొత్త చీజ్ ఏం కాదు. 120 నంబర్ ఫిల్మ్‌ని కోడాక్ కంపెనీ 1901లో తెచ్చింది, ఈరోజుకీ తయారవుతోంది. ఆరు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ, వెనక నల్ల కాగితం. చతురస్రంగా తీస్తే రోలుకి పన్నెండు బొమ్మలు. 1929లో జర్మనీలో రోలీఫ్లెక్స్ వచ్చింది: పైన ఒక కన్ను, కింద ఒక కన్ను. పై కన్ను చూడటానికి, కింది కన్ను తీయడానికి. తర్వాత జపాన్ వాళ్ల యాషికా అదే వేషంలో మన స్టూడియోలకు చేరింది. మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరాలో వేసేదీ ఈ 120 ఫిల్మే. ఊటీలో సర్కారు పెట్టిన హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ అమ్మేది. ఇప్పుడా కార్ఖానా లేదు. మన ఇళ్లల్లో అమ్మీ, అబ్బా పెళ్లినాటి నలుపు తెలుపు తస్వీరులు చతురస్రంగా ఉంటే, అవి చాలావరకు ఈ ఖాన్‌దాన్‌వే.

డిజిటల్ తారీఖ్ చిన్నది, పరుగు ఎక్కువ. 1975లో కోడాక్ ఇంజనీర్ స్టీవెన్ శాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరాలో బొమ్మకి పదివేల చుక్కలే. ఒక్క బొమ్మ క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1991లో నికాన్ ఎఫ్3 ఒంటికి కోడాక్ తన సెన్సర్‌ని తగిలించి అమ్మింది. బొమ్మలు దాచే డబ్బాని వేరేగా భుజాన మోయాలి. 1999లో నికాన్ డీ1 వచ్చాక అఖ్బారువాళ్ల చేతికి నిజంగా పనికొచ్చే హథియార్ దొరికింది. 2002లో కెనాన్ వన్‌డీఎస్ పదకొండు మెగాపిక్సెళ్లతో, 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్‌తో వచ్చింది. మా బహస్‌లాంటిది దునియా అంతటా ముదిరింది అప్పుడే. మీడియం ఫార్మాట్ పనైపోయిందని ఒకరు, ఎన్నటికీ కాదని ఇంకొకరు. 2012 జనవరిలో కోడాకే దివాలా దరఖాస్తు పెట్టుకుంది. మొదటి డిజిటల్ కెమెరా పుట్టిన ఇల్లే అలా కూలడం అజీబ్ తమాషా.

బారీకీ సంగతి లెక్క వేసి చూడొచ్చు. 35 ఎంఎం చట్రం 24కి 36 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఆరుకి ఆరు నెగటివ్ అసలు కొలత సుమారు 56కి 56, అంటే 3136. మూడున్నర రెట్ల పైనే. కాని ఈనాటి డిజిటల్ సెన్సర్ తన చిన్న జాగాలోనే చాలా పట్టేస్తుంది. దాని జోరుకి, మసక వెలుతురులో దాని చూపుకి నేను సలాం చేస్తాను. మా దోస్తుల్లో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. ‘భాయ్, ఆ దుకాణాల్లో ఒక్క బల్బే ఉంటుంది, ఫిల్మ్ ఏం చేస్తుంది?’ అంటాడు. అతని మాటలో దమ్ ఉంది. మసక ఒక్కటే సమస్య అయితే బహస్ అక్కడే ఖతం.

నన్ను ఆపింది రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, ఇండోర్‌లో సర్కారీ కొలువు చేసి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారుకి చేరిన అక్కాస్. ‘ముసవ్విర్ జంగ్’ అని ఖితాబు కూడా అందుకున్నాడు. పరదాలో ఉండే ఖవాతీన్ కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ తస్వీరులు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళది. ఆయన వాడినవి మీడియం ఫార్మాట్ కంటే చాలా పెద్ద గాజు పలకలు. 1905లో ఆయన పోయాడు. తర్వాత రియాసత్ పోయింది, ఖితాబులూ పోయాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 2857 గాజు నెగటివ్‌లు చేరాయి. 1905కీ 1989కీ మధ్య 84 ఏళ్లు. ఇన్నేళ్లూ ఆ పలకలు ఎవరి మెషీన్ మీదా ఆధారపడలేదు. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే చాలు, మనిషి కనిపిస్తాడు.

ఇక నేను పనిచేసిన ఒక పత్రికలో 2000ల మొదట్లో సీడీల్లో దాచిన తస్వీరులు పదేళ్లు తిరక్కుండానే సగం తెరుచుకోలేదు. ఏ వరదా రాలేదు, ఏ మంటా అంటుకోలేదు. ఎవరూ వాటిని కొత్త డిస్కులోకి ఎక్కించలేదు, అంతే.

డిజిటల్ ఫైల్‌కి హిఫాజత్ కావాలి. కొన్నేళ్లకోసారి ఎవరో ఒకరు యాద్ పెట్టుకుని దాన్ని కొత్త ఇంటికి మార్చాలి. నెగటివ్ కొంత లాపర్వాహీని భరిస్తుంది. మన షహర్‌లో దేనికి కొరత ఉన్నా లాపర్వాహీకి మాత్రం లేదు కదా! నలుగురు దోస్తుల చందా పనిని మా తర్వాత డిస్కు నుంచి డిస్కుకి మోసేదెవరు? మా పిల్లల్లో ఒక్కరూ ఉర్దూ చదవరు. కాతిబ్‌ల పేర్లు రాసిన ఫోల్డర్‌ని వాళ్లు జాగా కోసం డిలీట్ చేస్తే తప్పు పట్టగలమా?

ఫిల్మ్‌కీ దుష్మన్‌లు ఉన్నారు, దాచను. వేడికి, తేమకి అసిటేట్ ఫిల్మ్ పాడై సిర్కా వాసన కొడుతుంది. మూతపడ్డ స్టూడియోల నెగటివ్‌లు వెండి కోసం కిలోల లెక్కన అమ్ముడుపోవడమూ విన్నదే. అయినా చంద్రుడి మీది సంగతి వినండి: 1969లో అపోలో 11 వ్యోమగాములు నేల మీద దిగి వాడిన హాసెల్‌బ్లాడ్ కెమెరాని బరువు తగ్గించుకోవడానికి అక్కడే వదిలేసి, ఫిల్మ్ డబ్బా ఒక్కటే తెచ్చుకున్నారు. కెమెరా పోయినా పర్వాలేదు, తస్వీర్ దిగిన జాగా మిగలాలి.

కాబట్టి నా ఓటు పాత యాషికా మాట్‌కి. ముగ్గురిలో ఇద్దరు హాఁ అన్నారు. పెళ్లిళ్ల దోస్తు ఇంకా గుర్రుగానే ఉన్నాడు, కాని ట్రైపాడ్, రెండు లైట్లు తనే తెస్తానన్నాడు. ఆ కెమెరాలోకి చూడాలంటే తల వంచాలి, ఆదాబ్ చేసినట్టు. పైనున్న గాజులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఉర్దూ రాసే కలం అందులో తెలుగు రాసినట్టు ఎడమ నుంచి కుడికి కదులుతుంది. ఇది నాకు ఎంత మజా అనిపించిందో నాలాంటి సగం సగం చదువు చదివినవాళ్లకే అర్థమవుతుంది.

మనిషికి ఒక రోల్, అంటే పన్నెండు. మొత్తం 108. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వాళ్లని మాట్లాడనివ్వాలి. నలుపు తెలుపు ఫిల్మ్ కాబట్టి కడగడం మేమే ఇంట్లో చేసుకుంటాం. ప్రతి బొమ్మకీ మూడు ప్రింట్లు: ఒకటి ఆ బుజుర్గ్ ఇంటికి, ఒకటి ఏదైనా కుతుబ్‌ఖానాకి, ఒకటి మా దగ్గర. నెగటివ్‌లు కాగితపు కవర్లలో, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో. కవర్ మీద పేరు పెన్సిల్‌తో, రెండు లిపుల్లో. ఉర్దూలో రాసే పని మాత్రం నాది కాదు. ఎవరి పేరు వాళ్లే తమ ఖత్‌లో రాసి ఇస్తారు.