దాచినవాళ్లు ఎవరికి భయపడ్డారు?

రెండో ప్రపంచయుద్ధంలో యూదులను దాచిన పోలిష్ కుటుంబాలు ఎవరికి భయపడ్డాయి? జర్మన్లకి, అని టక్కున చెప్తాం. అది సగం నిజం. మిగతా సగం పక్కింట్లో ఉంది.

1941 అక్టోబరు 15న ఆక్రమిత పోలండ్‌లో జర్మన్ పాలకుడు హాన్స్ ఫ్రాంక్ ఒక ఉత్తర్వు తెచ్చాడు. ఘెట్టో దాటిన యూదులకు మరణశిక్ష. తెలిసీ వాళ్లను దాచినవాళ్లకూ అదే శిక్ష. మార్కోవా అనే ఊళ్లో యూజెఫ్ ఉల్మా, విక్తోరియా దంపతులు అయినా వెనక్కి తగ్గలేదు. రైతు కుటుంబం. ఎనిమిదిమంది యూదులను ఇంట్లో దాచారు. 1944 మార్చి 24 తెల్లవారుజామున జర్మన్ పోలీసులొచ్చి ముందు యూదులను, తర్వాత యూజెఫ్‌నూ, నిండు చూలాలైన విక్తోరియానూ, చివరికి ఆరుగురు పిల్లలనూ కాల్చి చంపారు. పెద్దపిల్లకి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆచూకీ చెప్పింది ఒక పోలిష్ పోలీసేనని చరిత్రకారుల అనుమానం.

ఇప్పుడు యెద్వాబ్నె సంగతి చూద్దాం. 1941 జూలై 10న ఆ ఊరి యూదులను జర్మన్ల ప్రోద్బలంతో సాటి ఊరివాళ్లే ధాన్యపు కొట్టంలో వేసి కాల్చారు. చచ్చినవాళ్లు కనీసం 340 మంది అని పోలండ్ ప్రభుత్వ సంస్థే తేల్చింది. ఆ దగ్గర్లోని యాంచెవ్‌కోలో అంతోనీనా విజికోవ్‌స్కా అనే రైతు స్త్రీ తన కొట్టం కింద గుంటలు తవ్వి ఏడుగురు యూదులను బతికించింది. 1945లో, జర్మన్లు వెళ్లిపోయాక, యూదులను దాచిందని ఆమెను కొట్టింది పోలిష్ వాళ్లే. ఆమె ఊరు విడిచి పోవాల్సొచ్చింది.

ఎందుకీ కోపం? పాత యూద ద్వేషం ఒకటి. ఆస్తి ఇంకొకటి. యూదుల ఇళ్లూ దుకాణాలూ ఆక్రమించుకున్నవాడికి బతికున్న యూదుడు హక్కుదారు, సాక్షి కూడా. దాచినవాళ్లు ఆ సాక్షికి సాక్షులు.

యూదులను కాపాడినవాళ్లుగా ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ గుర్తించినవాళ్లలో ఏడువేలమందికి పైగా పోలండ్ వాళ్లే. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. ఉల్మాల పేరిట 2016లో మార్కోవాలో మ్యూజియం పెట్టారు. ఈ గౌరవం న్యాయమైందే. కానీ నాజీ నేరాల్లో పోలిష్ జాతికి భాగం అంటగడితే జైలని 2018లో చట్టం చేసిందీ ఆ రాజ్యమే. గొడవయ్యాక అదే ఏడాది జూన్‌లో జైలుశిక్ష తీసేశారు.

దాచినవాళ్ల తెగువ ఎంతో తెలియాలంటే వాళ్లు ఎవరి మధ్య బతికారో చెప్పాలి. ఉల్మాల ఫోటో గోడకి పెడితే సరిపోదు. అంతోనీనా ఒంటిమీద పడ్డ దెబ్బలూ ఆ గోడమీదే రాయాలి.