రోకలి పోయినది, ముద్ద నిలిచినది

మన యిండ్లలో నొక స్త్రీ శరీరము స్థూలించినచో, ఆమె తిండికి హద్దు లేదనియో, ఒడలు వంచి పనిచేయదనియో పదిమందియు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పునకు ముందు చరిత్రను కొంత విచారించుట న్యాయము.

మన ముత్తవ్వల కాలమున ఇల్లాలు తెల్లవారకముందే లేచి వడ్లు దంచెడిది, తిరుగలి త్రిప్పెడిది, చేదతో నీరు తోడెడిది. పురుషుడు నాగలివెంట నడచెడివాడు. అట్టి దేహములకు పళ్లెము నిండ అన్నము ఆవశ్యకమే. 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామము వంటివానిని చూచిన జనులకు, ఒడలు నిండుగా నుండుట భాగ్యచిహ్నముగా దోచుటయు సహజమే.

పిదప మరలు వచ్చినవి. బియ్యపుమర రోకలిని మాన్పించుటయే గాక, గింజపై నుండు తవుడును, అందలి పీచును గూడ తొలగించెను. విద్యుచ్ఛక్తి బావిచేదను, మోటారుబండి నడకను హరించినవి. 1983లో అవిభక్త ఆంధ్రప్రదేశమున ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యము పేదల యాకలి తీర్చెను. అది మఱువరాని మేలు. కాని జొన్నలు, రాగులు, కొఱ్ఱలు మన పళ్లెముల నుండి వెనుదీయుటకు ఆ చౌకబియ్యమును కొంత కారణమయ్యెను. 1994లో పామాయిలు దిగుమతిపై కట్టుబాట్లు సడలుటతో, వేపుళ్లును చిరుతిండ్లును నిత్యకృత్యములైనవి.

ఇట్లు పని తగ్గినది. పనికై యేర్పడిన ముద్ద తగ్గలేదు. దానిపై నూనెయు చక్కెరయు చేరినవి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో అధికభారము గలవారు దేశమున నూటికి 24 మంది. తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశమున 36. ఇందఱును ఒక్కమాఱుగా తిండిపోతులైరని నమ్మవచ్చునా?

అట్లని రోకలిని మరల స్త్రీ చేతి కిత్తమా? కూడదు. అది బరువు, దాని నుండి విముక్తి మేలే. కాని ఒడలి శ్రమ తప్పిన యిల్లాలికి తీరిక దొరకినదా? నిర్భయముగా నడచుటకు వీథిలో చోటు, వంటింటి నుండి గంటసేపు విడుదల ఎందఱకు గలవు? అందఱకు వడ్డించి, మిగిలినది పాఱవేయ మనసొప్పక తానే తినుట నేటికిని మన యాచారము గాదా?

కావున నిందను మాని, ముద్దను నేటి పనికి తగినట్లు కొలుచుకొందము; చిరుధాన్యములను, కూరలను పళ్లెమునకు మరల పిలుతము; ఇంటిపనిని పురుషులును పంచుకొందురు గాక. యంత్రము మనకిచ్చిన కాలమును ఆరోగ్యముగా మార్చుకొను బాధ్యత ఒక్క స్త్రీది గాదు, ఇల్లంతటిది, ఊరంతటిది.