సర్కారుపై వ్యాజ్యము - రయితు వకీలు

సర్కారుమీద దావా వేయవచ్చుననుట మనకు క్రొత్త సంగతి కాదు. మన సర్కారుజిల్లాలు చేరియున్న చెన్నరాజధానిలో 1802 నాటి రెగ్యులేషనులచే జిల్లా అదాలతులు ఏర్పడినపుడే, కలెక్టరు శాసనమును మీఱినచో అతనిపై ఫిర్యాదు చేయవచ్చునని వ్రాయబడెను. అదాలతులలో వాదించుటకు వకీళ్లును నియమింపబడిరి. హక్కు కాగితముపై కుదిరినది. దానిని కోర్టు గుమ్మము దాటించు మనుష్యుడు మాత్రము పల్లెరయితునకు దొరకుట దుర్లభమయ్యెను.

దూరమును వ్యయమును అట్లుండనిండు. 1816లో మన్రో దొర సంస్కరణములవలన మేజస్ట్రేటు అధికారమును, పోలీసును కలెక్టరు చేతికే వచ్చినవి. శిస్తు వసూలుచేయు కచ్చేరియే నేరములను విచారించు కచ్చేరియు నయ్యెను. తాసీల్దారు బంట్రోతులు కొట్టిరని చెప్పుకొనుటకు ఆ తాసీల్దారు కడకే పోవలసినపుడు ఎవని ధైర్యము నిలుచును? అర్జీ వ్రాయించుకొందమన్న, ఊరిలో వ్రాత నేర్చినవాడు కరణము. ఫిర్యాదా, ఆ కరణము లెక్కపైననే!

ఇట్టి దినములలో పూనుకొన్నవారు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు. వీరు చెన్నపట్టణమున వర్తకము చేసిన తెలుగువారు, వకీలు కారు. కచ్చేరి దయపై బ్రతుకనివారగుటయే వారి బలము. 1852లో మద్రాసు నేటివు అసోసియేషనును స్థాపించి, ఇంగ్లండు పార్లమెంటునకు మహజరు పంపిరి. 1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమూరు దొర రాగా రయితుల యవస్థను ఆయనకు ఎఱిగించిరి. 1854లో పార్లమెంటున చర్చ జరిగి, ఆ యేడే చిత్రహింసల విచారణసంఘము ఏర్పడెను. మువ్వురు సభ్యులలో జాన్ బ్రూస్ నార్టను దొర బారిస్టరు. కుంఫిణీ న్యాయపాలనను అచ్చుపుస్తకములలో ఖండించినవాడు. దూరపు జిల్లాలనుండి సయితము జనులు వచ్చి మొఱపెట్టుకొనిరి. వ్రేళ్లను కఱ్ఱల నడుమ బిగించుట, ఎండలో వంచి నిలుపుట మొదలగునవి శిస్తుకొఱకు జరుగుచున్నవనియు, బాధితునకు న్యాయము దొరకుట మిక్కిలి కష్టమనియు 1855లో సంఘము తేల్చెను. ఈ రెండవ మాటయే నాకు మిగుల ముఖ్యముగ దోచును. 1859లో పోలీసుశాఖకు వేఱు శాసనము చేయబడెను.

తరువాత శాసనమే ఒక మెలిక పెట్టినది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను ప్రకారము సర్కారుపై దావాకు రెండు నెలలు ముందుగా వ్రాతమూలమున నోటీసు ఈయవలెను. నేటికిని ఇది అమలులో నున్నది. అత్యవసరమైనచో కోర్టు అనుమతితో నోటీసు లేకయే దావా దాఖలు చేయుటకు 1976 నాటి సవరణ వీలిచ్చెను. కావున వకీలు నొద్దకు పోయినవారు ఈ నోటీసు సంగతిని మొదటనే అడుగుట మంచిది. గవర్నమెంటు ప్లీడరు పేరు ఘనమని ఆయన యింటికి పోవువారు కొందఱు గలరు. ఆయన ఎదుటిపక్షపు వకీలు గదా!

చేతిలో పైకము లేనివారికి 1987 నాటి న్యాయసేవా శాసనము ఆధారము. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో పని లేకయే వకీలును ఏర్పఱతురు. ఇతరులలో పలువురకు ఆదాయపరిమితి కలదు. ప్రతివాది సర్కారే యైనను జిల్లాకోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు సాదా కాగితముపై దరఖాస్తు పెట్టుకొనవచ్చును.