జర్మన్ విశ్వవిద్యాలయాల్లో దైవశాస్త్ర అధ్యాపకుడి తయారీ

జర్మనీలో క్రైస్తవ దైవశాస్త్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధించే విషయం. ట్యూబింగెన్, హైడెల్‌బర్గ్, గొట్టింగెన్‌లలో న్యాయ, వైద్య శాఖల సరసన దైవశాస్త్ర శాఖా ఉంటుంది. ఆచార్యుడికి జీతమిచ్చేది ప్రభుత్వమే. భారతదేశంలో పద్ధతి వేరు. ఇక్కడ బి.డి., ఎం.టి.హెచ్. చదివేవారిలో చాలామంది పట్టా పొందేది సేరంపూర్ సెనేట్ నుంచి. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల కూడా దానికి అనుబంధమే.

1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఏర్పడే నాటికే, దైవశాస్త్రానికి అక్కడ చోటుండాలా అన్న ప్రశ్న లేచింది. దానికి దైవశాస్త్రవేత్త ష్లయర్‌మాకర్ 1811 నాటి చిన్న పుస్తకంలో జవాబిచ్చాడు. సంఘాన్ని నడిపించే పనికి కావలసిన జ్ఞానమంతా కలిస్తే దైవశాస్త్రం. ఆ జ్ఞానాన్ని పరీక్షించే పద్ధతులు మాత్రం చరిత్ర, భాషాశాస్త్రాలవే. అధ్యాపకుడి మీద విద్యాలోకానికీ చర్చికీ సమానంగా హక్కు ఏర్పడింది ఇక్కడే.

చదువు భాషలతో మొదలవుతుంది. హీబ్రూ, గ్రీకు, లాటిన్ పరీక్షలు గట్టెక్కడానికే తొలి సెమిస్టర్లు చాలావరకు ఖర్చవుతాయి. ఆ తరువాత పాత నిబంధన, కొత్త నిబంధన, చర్చి చరిత్ర, సిద్ధాంత విభాగం, ఆచరణ విభాగం. బోధన వైపు వెళ్లదలచినవారు వీటిలో ఒకదాన్ని ఎంచుకుని డాక్టరేటు సిద్ధాంత గ్రంథం రాస్తారు. చాలా దేశాల్లో ఆచార్య పదవికి ఇదే చాలు. జర్మనీలో మాత్రం దీని మీద ‘హబిలిటాట్సియోన్’ అనే మరో మెట్టుంది. వీలైతే వేరే కాలం మీదో, వేరే సమస్య మీదో రెండో పెద్ద గ్రంథం రాయాలి. శాఖ ఆచార్యుల ముందు ఒక ప్రసంగం చేసి, వాళ్ల ప్రశ్నలకు నిలబడాలి. నెగ్గినవారు ‘ప్రివాట్‌డొట్సెంట్’ అవుతారు. పాఠం చెప్పే హక్కు దక్కుతుంది, జీతం దక్కదు. పైగా ఆ హక్కు నిలవాలంటే ఉచితంగానైనా పాఠాలు చెబుతూనే ఉండాలి. సొంత విశ్వవిద్యాలయంలోనే ఆచార్య పీఠం ఇవ్వకూడదన్న ఆనవాయితీ వల్ల, నలభై దాటాక కూడా ఊరు మారక తప్పనివాళ్లున్నారు. 2002లో వచ్చిన జూనియర్ ప్రొఫెసర్ పదవి ఈ మెట్టు ఎక్కకుండానే పైకి వెళ్లే దారి చూపినా, దైవశాస్త్ర శాఖల్లో రెండో గ్రంథం మీద గౌరవం తగ్గలేదు.

ఇంత రాతలో బోధన ఎక్కడ నేర్చుకుంటారు? ప్రొసెమినార్ అనే ప్రవేశ తరగతిలో. ఆచార్యుడి సహాయకుడిగా ఉన్న పరిశోధకుడే కొత్త విద్యార్థులకు దీన్ని నడుపుతాడు. మార్కు సువార్త చివరి అధ్యాయాన్నే తీసుకుంటే, సినాయ్, వాటికన్ రాతప్రతుల్లో అది ఎనిమిదో వచనంతో, సమాధి దగ్గర నుంచి స్త్రీలు భయంతో పారిపోవడంతో ఆగిపోతుంది. మిగిలిన పన్నెండు వచనాలు తరువాత చేరినవని గ్రీకు ప్రతి అడుగున ఉన్న పాఠాంతరాలతో చూపించాలి. వినేవారిలో చాలామంది రేపు పాస్టర్లు; చిన్నప్పటి నుంచి ఆ వచనాలు విన్నవాళ్లు. రుజువును మెత్తబరచకుండా, విద్యార్థిని బెదరగొట్టకుండా ఆ గంట నడపడం ఏ సిద్ధాంత గ్రంథమూ నేర్పదు. నియామక సంఘం మాత్రం ముందు తిరగేసేది గ్రంథాలనే.

ఈ క్రమాన్ని దాటి వచ్చినవాడు కార్ల్ బార్ట్. డాక్టరేటే లేని ఈ పల్లె పాస్టర్‌ను, బైబిల్లోని రోమా పత్రిక మీద 1919లో వచ్చిన వ్యాఖ్యానం చూసి, 1921లో గొట్టింగెన్ పిలిచింది. రేపటి పాఠం కోసం రాత్రిళ్లు మేల్కొని చదివేవాడు. ఆయన ఉదాహరణ మినహాయింపే. దాన్ని చూపి డాక్టరేటు అక్కరలేదనడం తొందరపాటు.

చివరి గడప చర్చి అంగీకారం. కేథలిక్ పీఠానికి బిషప్ అభ్యంతరం లేదనాలి. ప్రొటెస్టెంట్ పీఠానికి సంఘ సభ్యత్వం కావాలి. ఎన్ని గ్రంథాలు రాసినా ఇది వాటితో వచ్చేది కాదు, వచ్చాక పోనూవచ్చు. పోపు అధికారిక బోధలో తప్పు ఉండదన్న సిద్ధాంతాన్ని ప్రశ్నించిన హాన్స్ క్యుంగ్‌కు 1979 డిసెంబరులో కేథలిక్ బోధనాధికారం రద్దయింది. ట్యూబింగెన్ ఆయన్ని వదులుకోకుండా, శాఖకు వెలుపల పీఠంలో 1996 దాకా కొనసాగించింది. తాను క్రైస్తవుణ్ని కానని 1998లో ప్రకటించిన గెర్డ్ ల్యూడెమన్‌కు గొట్టింగెన్ కొత్త నిబంధన బోధన తీసేసి, తొలి క్రైస్తవ చరిత్ర, సాహిత్యం అప్పగించింది. ఆయన ఆచార్య పదవి పోలేదు, పాస్టర్ల శిక్షణలో భాగం పోయింది. బోధనా స్వేచ్ఛ పేరిట ఆయన వేసిన ఫిర్యాదును రాజ్యాంగ న్యాయస్థానం 2008లో తోసిపుచ్చింది.