చాపకూడు

చరిత్ర శిలాశాసనములందే కాదు, భోజనపంక్తియందును నిలిచియుండును. పల్నాటి చాపకూడు అందుకు నిదర్శనము.

12వ శతాబ్దిలో మాచెర్ల నేలిన మలిదేవరాజు మంత్రి బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక తన వీరులందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెనని వీరగాథ చెప్పుచున్నది. మాలకులమున జన్మించిన కన్నమదాసును పుత్రునిగా చేకొని సేనానిని కావించెనట. గురజాల నలగామునితో కోడిపందెమున ముదిరిన వైరము కారెంపూడి రణముతో ముగిసినది.

వీరులు నేలకొరిగిరి, చాపను మాత్రమెవ్వరును చుట్టిపెట్టలేదు. కారెంపూడిలో నాగులేటి యొడ్డున, కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు సాగు వీరారాధనలో, మందపోరునాడు నేటికిని చాపకూడు జరుగుచున్నది. ఆ సందర్భముననే వీరవిద్యావంతులు గాథను గానము చేయుదురు. 15వ శతాబ్ది కవి శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’కును ఈ గాథయే వస్తువు. అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని 1911లో ప్రకటించిరి.

పాట కూటిని మరువనీయలేదు. కూడు పాటను మూగవోనీయలేదు. పల్నాటివారికి ‘మేమెవరము’ అను ప్రశ్నకు ఈ రెండునుకలిసి సమాధానమైనవి. అయినను ఏటికొకనాడు పరచు ఆ చాపను తక్కిన దినములందు మన యిండ్లలో ఏల పరువకున్నామో మనమందరము ఆలోచింపవలసియున్నది.