మజుందార్, లీలా (1908–2007)

వంగభాషలో బాలుర కొఱకు వ్రాసినవారిలో అగ్రగణ్యురాలును, కలకత్తా ఆకాశవాణి కేంద్రమున ఏడేండ్లు ప్రయోక్తగా పనిచేసినదియు, ‘సందేశ్’ అను పిల్లల మాసపత్రికను ముప్పది యేండ్లకు పైగా నడపిన సంపాదకులలో ఒకతెయు నైన ఈ రచయిత్రి 1908 ఫిబ్రవరి 26వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి ప్రమదారంజన్ రాయ్ సర్వే శాఖలో ఉద్యోగి. బర్మా, అస్సాము ప్రాంతముల యడవులలో నేల కొలిపించుచు ఏండ్లతరబడి తిరిగినవాడు. ఆ యనుభవములను ‘బనేర్ ఖబర్’ అను పేరుతో పిల్లలకు చెప్పినవాడు. తల్లి సురమాదేవి చిన్ననాడే తల్లిని కోల్పోయి, తండ్రి సన్న్యసించి వెడలిపోవుటచే, ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి యింట కన్నబిడ్డవలె పెరిగినది. ప్రమదారంజనుడు ఆ ఉపేంద్రకిశోరునికే కడగొట్టు తమ్ముడగుటచే, లీల కిరువైపుల నుండియు ఆ యొక్క గృహమే పుట్టినిల్లైనది.

ఆ గృహమును గూర్చి కొంత విస్తరించి చెప్పక తప్పదు. ఉపేంద్రకిశోరుడు (1863–1915) రచయిత, చిత్రకారుడు, వయొలిన్ విద్వాంసుడు. ఛాయాచిత్రములను చుక్కలుగా విడదీసి అచ్చొత్తు హాఫ్‌టోన్ విధానమున స్వయముగా పరిశోధనలు చేసి, విదేశముల ముద్రణపత్రికలచేత సైతము మన్నన బడసినవాడు. 1913లో ‘సందేశ్’ పత్రికను ప్రారంభించి, పిమ్మట గార్పార్ రోడ్డునందలి 100వ నంబరు ఇంటిలో నివాసమును ముద్రణాలయమును ఒక్క కప్పు క్రిందనే నెలకొల్పెను. బొమ్మయు కథయు పద్యమును శాస్త్రవిషయమును సమానమైన శ్రద్ధతో, చక్కని కాగితముపై, పిల్లలకు అందింపవలెనను సంకల్పము ఆనాటి భారతీయ భాషలలో అపూర్వమైనదే. ఆయన గతించిన పిదప పత్రికాభారము కుమారుడు సుకుమార్ రాయ్‌పై బడినది. అసంబద్ధ హాస్యకవిత్వమునకు వంగభాషలో సాటిలేని పేరైన ఈ సుకుమారుడు లీలకు పెదనాన్న కొడుకు. అతని పుత్రుడే చలనచిత్ర దర్శకుడైన సత్యజిత్ రాయ్. అనగా సత్యజిత్తునకు లీల మేనత్త వరుస. ఈ బాంధవ్యములను ముందుంచి ఆమెను పరిచయము చేయుట గ్రంథములలో పరిపాటియైనది. పరిచయమునకు అది సుకరమే కాని, ఆ యింటి పురుషుల కీర్తిచ్ఛాయలో ఆమె సొంత గొంతు కొంత మఱుగుపడినదనుట సత్యము.

బాల్యము షిల్లాంగు కొండలలో గడచినది. అచ్చటి లొరెటో కాన్వెంటులో ఆంగ్లమున చదువుచు, ఇంట వంగభాషలో కథలు వినుచు పెరిగిన యా బాలికకు పైన్ వనములును, వానలును, కొండవాగులును జీవితాంతము రచనా సామగ్రియైనవి. 1919లో కుటుంబము కలకత్తాకు మరలి వచ్చెను. అన్న సుకుమారుని ప్రోత్సాహమున 1922లో ‘సందేశ్’లో ‘లక్ఖీ ఛేలే’ అను ఆమె తొలి కథ అచ్చుపడెను. అప్పటి కామె వయస్సు పదునాలుగేండ్లు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో సుకుమారుడు కాలాజ్వరముచే అకాలమరణము చెందెను. కొంతకాలమునకు ముద్రణాలయము చేయిజారిపోయెను, పత్రిక నిలిచిపోయెను. తొలి కథను మెచ్చి అచ్చువేసిన చేయి అంత త్వరగా తొలగిపోవుట ఆమె రచనావ్యాసంగమును కొన్నియేండ్లు వెనుకకు నెట్టినదని తలంపవచ్చును.

చదువులో ఆమె ప్రజ్ఞ అసాధారణమైనది. 1924 నాటి మెట్రిక్యులేషన్ పరీక్షలో బాలికలలో ద్వితీయస్థానము. అటుపిమ్మట కలకత్తా విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యములో బి.ఏ. ఆనర్సునందును ఎం.ఏ.యందును ప్రథమస్థానము. 1931లో డార్జిలింగున మహారాణి బాలికా పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరి, రవీంద్రనాథ ఠాకూరు పిలుపుపై శాంతినికేతనమునకు పోయి ఇంచుమించుగా ఏడాది బోధించి, పిదప కలకత్తా ఆశుతోష్ కళాశాల స్త్రీవిభాగమున కొద్దికాలము పనిచేసెను. స్థిరమైన యుద్యోగము నందు నిలువని స్వభావ మామెదని ఈ సంవత్సరముల వలన తోచును. 1933లో దంతవైద్యుడైన డాక్టరు సుధీర్ కుమార్ మజుందారును వివాహమాడెను. ఈ వివాహము తండ్రికి సమ్మతము గాకపోయెను. బ్రహ్మసమాజ గృహమునందలి యా పెద్దమనిషి అటుపై కూతురితో సంబంధమునే వదలుకొనెను. భర్త మాత్రము ఆమె రచనకు అర్ధశతాబ్దము పాటు అండగా నిలిచెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

తొలి గ్రంథము ‘బద్దినాథేర్ బడి’ 1939లో వెలువడినది. 1948లో వచ్చిన ‘దిన్ దుపురే’ అను సంపుటముతో పేరు నాలుగు దిక్కుల వ్యాపించెను. 1953 నాటి ‘పదీపిసీర్ బర్మీబాక్ష’ ఆమె హాస్యమునకు పరాకాష్ఠ. పదీపిసి యను మహాసాహసి యగు విధవ, దొంగల భయముగల అడవిదారిని బండిలో పోయి, ఒక బంధువును గద్దించి, నగలతో నిండిన బర్మాదేశపు పెట్టెను సంపాదించుకొని వచ్చి, ఇల్లు చేరునప్పటికి దానిని పోగొట్టుకొనును. పెట్టె ఏమైనదో తెలియక వంశములోని వారందఱు తరతరములుగా ఒకరినొకరు అనుమానించుకొనుచుండగా, నూఱేండ్లకు ఒక కుఱ్ఱవాడు మేనమామగారింటికి వచ్చి దానిని వెదకును. కథ చిన్నది. చెప్పెడి తీరు మాత్రము, వాకిట అరుగుమీద కూర్చున్న పెద్దమ్మ ఒకటి చెప్పబోయి మఱొకటి అందుకొని, మధ్యలో చుట్టములను నాలుగు ఆడిపోసుకొని, తిరిగి త్రోవలోనికి వచ్చినట్లుండును. పిల్లలకు నీతి బోధింపవలెనను తహతహ ఎక్కడను కానరాదు. పెద్దలందఱును కొంత పిచ్చివారనియు, ఆ పిచ్చి ప్రేమింపదగినదనియు మాత్రము తెలియును.

చెవికి చెప్పు ఈ గొంతునకు తగిన స్థానము 1956లో దొరకినది. కలకత్తా రేడియో కేంద్రము 1927 ఆగస్టు 26న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ వారిచే గార్స్టిన్ ప్లేసునందలి ఒక పాతభవనమున స్థాపితమై, ఆ కంపెనీ దివాలా తీసిన పిమ్మట ప్రభుత్వాధీనమై, క్రమముగా వంగదేశపు నాటక సంగీత సాహిత్యములకు కూడలియైనది. ఆ భవనమున రాత్రివేళల దయ్యములు తిరుగునని ఉద్యోగులలో గట్టి ప్రవాదముండెను. దయ్యపు కథలు వ్రాయుటలో మిక్కిలి ప్రీతిగల లీలా మజుందారునకు ఇంతకంటె అనువైన కార్యాలయము దొరకుట దుర్లభము! 1958లో కేంద్రము ఈడెన్ ఉద్యానవనము చెంతనున్న నూతన భవనమునకు తరలినది.

కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ కాలమున రచయితలను సంగీతవిద్వాంసులను ప్రయోక్తలుగా నియమించు పద్ధతి ఆకాశవాణిలో ప్రవేశపెట్టబడెను. ఈ పద్ధతి ననుసరించియే హైదరాబాదు కేంద్రమునకు దేవులపల్లి కృష్ణశాస్త్రియు, కలకత్తా కేంద్రమునకు ప్రేమేంద్ర మిత్రుడును వచ్చిరి. ఫైళ్లు కదలించు అధికారులకును రచనమే వృత్తియైన ప్రయోక్తలకును నడుమ పొత్తు అంతటను సజావుగా సాగెనని చెప్పరాదు గాని, భాషకు మేలు జరిగినదనుట నిర్వివాదము. లీలా మజుందార్ 1956 మొదలు 1963 వఱకు ఈ పదవిలో ఉండెను. కేంద్రమున అప్పటికే ఇందిరాదేవి నడుపు ‘శిశుమహల్’ అను పిల్లల కార్యక్రమమును, బేలా దే నడుపు ‘మహిళామహల్’ అను స్త్రీల కార్యక్రమమును విశేషమైన ప్రజాదరణము పొందియుండెను.

ఈ ‘మహిళామహల్’ కొఱకు ఆమె సృష్టించినదే ‘మణిమాల’. మధ్యతరగతి వంగగృహమున పెరుగుచున్న యొక ఆడపిల్లకు దినదినము ఎదురగు సహజమైన చిక్కులను గూర్చి ప్రసంగములు కావలసియుండగా, ఆమె ఉపన్యాసము వ్రాయక ఉత్తరములు వ్రాసెను. మణిమాల మిక్కిలి సామాన్యమైన పిల్ల: అందగత్తె కాదు, చదువులో మేటి కాదు, కష్టములలో మునిగినదియు కాదు. ఆ పిల్లకు పండ్రెండేండ్లు నిండినది మొదలు అవ్వ ఉత్తరములు వ్రాయనారంభించును. పిల్ల పెరిగి, పెండ్లియాడి, తాను తల్లియగు వఱకు ఆ యుత్తరములు సాగుచునే యుండును. ఇందలి నేర్పు గమనింపదగినది. మైకు ముందు నిలిచి స్త్రీలకు హితోపదేశము చేయువారు వినువారిని బడిపిల్లలుగా భావించుట సర్వసాధారణము. ఇక్కడనో, హితము చెప్పబడినది మణిమాలకు, వినుచున్నది వంటయింట కూరలు తఱుగుచున్న ఇంకొక ఇల్లాలు. ఇతరుల ఉత్తరమును చాటుగా వినుటలోని కుతూహలము ఒకవంక, తనను ఎవ్వరును మందలించుట లేదను నిశ్చింత మఱియొకవంక ఆమెను రేడియో ప్రక్కన నిలిపియుంచును. కథానాయిక శ్రోతలతో పాటు వయస్సు గడించుట ధారావాహిక ప్రసారమునకే సాధ్యమైన సౌలభ్యము. అనంతరము ఇది పుస్తకరూపమున వెలువడినది. బాలసాహిత్యమును మాత్రమే లెక్కించు విమర్శకులు దీనిని ఒక్క వాక్యముతో దాటిపోవుదురు గాని, లీలా మజుందార్ వచనశైలికి ‘మణిమాల’ కంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

పత్రికను, ప్రసారమును ఒక్కచేతితో నడపి బాలుర హృదయములను చూఱగొన్నవారు తెలుగువారిలోను కలరు. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు మద్రాసు కేంద్రమునుండి, సహధర్మచారిణియు ‘రేడియో అక్కయ్య’యు నగు కామేశ్వరితో కలిసి, పిల్లల కార్యక్రమములను నిర్వహించి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును, 1945 ఆగస్టులో ‘బాల’ మాసపత్రికను నెలకొల్పెను. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అందే అచ్చైనది. భేద మొక్కటే: మద్రాసున రేడియోనుండి పత్రిక పుట్టినది, కలకత్తాలో పత్రిక పెంచిన పిల్ల రేడియోకు పోయి, మరల పత్రికకే తిరిగి వచ్చినది.

ఆ పునరాగమనము 1963లో జరిగెను. అంతకు రెండేండ్లు ముందుగా, 1961లో, సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయుడు కలిసి ‘సందేశ్’ను పునరుద్ధరించి యుండిరి. లీలా మజుందార్ ఆకాశవాణిని వీడి, గౌరవ సహసంపాదకురాలుగా అందు చేరి, 1994లో అనారోగ్యము అడ్డు వచ్చు వఱకు ఆ బాధ్యత వహించెను. సుకుమారుని చెల్లెలి కుమార్తె నళినీ దాస్‌ కూడ కొంతకాలమునకు సంపాదకవర్గమున కలిసెను. మేనత్త, మేనల్లుడు, అతనికి వదిన వరుస బంధువు ఇట్లు ఒక్క బల్ల చుట్టు చేరి నడపిన పత్రిక లాభమునకై నడచినది కాదు. మూడు దశాబ్దముల ఈ కాలమున ఆమె కథలు, నాటకములు, వ్యాసములు ఎడతెగక వెలువడినవి.

ఆమె రచనలన్నిటిలో రెంటిని ప్రత్యేకముగ పేర్కొనవలెను. ‘హల్దే పాఖీర్ పాలక్’లో పెంపుడు కుక్క కనబడక బెంగగొన్న ఇద్దఱు పిల్లలకు, దుమ్కా సీమనుండి వచ్చిన పనివాడు పసుపుపచ్చని పిట్ట యీక కథ చెప్పును, ఆ యీకను తిన్న జంతువు మనుష్యుడగునట. పోయినది తిరిగి రాదని పిల్లలతో చెప్పక, చెప్పినంత పని చేసిన ఆ రచన దుఃఖమును స్పృశించిన తీరు మిక్కిలి సుకుమారమైనది. ‘మాకు’ అను నవలలో సోనా, టియా అను అక్కచెల్లెండ్రు ఇల్లు విడిచి అడవిలో ప్రవేశింతురు. అచ్చట గడియారముల పనివాడొకడు, తాను తయారుచేసిన మరమనిషికి భయపడి దాగియుండును. మాకు అను నా మరమనిషి అన్ని పనులు చేయగలడు, నవ్వుటయు ఏడ్చుటయు తప్ప. ఆ రెండును తన కమర్పుమని సృష్టికర్తను వెంటాడుచుండును. తాళము తిప్పిన కాలము తీరిపోయినచో వాడు నిలిచిపోవును. యంత్రమానవుని గూర్చిన కథలలో ఇంత హాస్యమును ఇంత జాలియు కలిసినవి అరుదు.

భూతముల కథలు, పెద్దల కొఱకు వ్రాసిన నవలలు, భారతకథ ననుసరించిన ‘బకవధ పాలా’ మొదలైన పిల్లల నాటకములు, ఉపేంద్రకిశోర సుకుమారుల జీవితచరిత్రలు, కుమార్తెతో కలిసి కూర్చిన ‘రాన్నార్ బయి’ యను వంటల పుస్తకము కూడ ఈమెవి కలవు. ‘బకవధ పాలా’కు సంగీత నాటక అకాడమీ బహుమానమును, షిల్లాంగు బాల్యస్మృతులతో మొదలగు ‘ఆర్ కొనొఖానే’కు రవీంద్ర పురస్కారమును లభించెను. ‘పాక్‌దండీ’ ఆమె విపులమైన ఆత్మకథ. ‘పదీపిసీర్ బర్మీబాక్ష’ను 1972లో అరుంధతీదేవి చలనచిత్రముగా నిర్మించెను. 1984లో భర్త మరణించెను. లీలా మజుందార్ 2007 ఏప్రిల్ 5వ తేదీన, నూఱేండ్లు నిండుటకు ఇంచుమించు పదునొకండు నెలలు తక్కువగా, మరణించెను.